ఎద్దుకు పెట్టిన బెల్లపుండ

సాయంకాలం పొద్దు వాలే వేళకు తూముదిన్నెలో మహానందిరెడ్డి కొట్టం ముందుగా పోయేవాళ్ళ నడక కాస్త నెమ్మదించేది. ఉడుకుతున్న ఉలవల వాసన అట్లాంటిది. పెద్ద కాగులో మెత్తగా ఉడికిన ఉలవలు, నానబెట్టిన గానుగ చెక్క, బెల్లం, పందెం దగ్గరపడితే కోడిగుడ్లు కూడా కలిపి గాడిలో పోసేవారు. తినేవి రెడ్డిగారి పందెపుటెద్దులు రెండు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఊళ్ళో వాటిని తెల్లెద్దు, కర్రెద్దు అనేవారు. వండి, కలిపి, దగ్గరుండి తినిపించేవాడు జీతగాడు సుంకప్ప.

ఎద్దులు తింటున్నంతసేపూ రెడ్డి ఎదురుగా మంచం వేసుకుని కూర్చునేవాడు. తన పెళ్ళి భోజనాల మీద కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టి ఉండడు.

"తెల్లెద్దు రొంత చెక్క మిగిల్చిండాది చూడు సుంకా. నోరు బాగలేదేమో."

"ఉలవలు ఇంకా ఉడుకు మీదుండాయి రెడ్డీ. ఆరినాక తింటాది."

"ఆరబెట్టి పెట్టు మరి. అడిగేదానికి దానికి నోరుండాదా? మనమే కనుక్కోవల్ల."

ఆ మాట నిజమే. ఎద్దుకు నోరు లేదు కనుక ఆ ఇంటిల్లిపాదీ దాని ఆకలి కనుక్కునేవారు. ఎద్దుల పని ముగిశాక సుంకప్ప కాళ్ళూ చేతులూ కడుక్కుని పెరటి గడప దగ్గర కూర్చునేవాడు. రెడ్డిగారి భార్య వెంకటలక్ష్మమ్మ కొర్ర సంగటి ముద్ద ఒకటి పెట్టి, పక్కన కాస్త ఊరిమిండి పచ్చడి వేసి లోపలికి వెళ్ళిపోయేది. ఆమె చెడ్డ మనిషి కాదు. జీతగానికి ఒక ముద్ద అన్నది ఆమె అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. జీతగాడు మారు ముద్ద అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. అడిగినవాణ్ణి తిండిపోతు అనేవారు, మరుసటి ఏడు ఎవరూ జీతానికి పిలిచేవారు కాదు. నోరున్న సుంకప్ప ఆ ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగి లేచిపోయేవాడు. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. రోజూ కళ్ళెదుట జరిగేది వింతగా ఎట్లా కనిపిస్తుంది?

సుంకప్పకు మాత్రం ఒక అలవాటుండేది. దేన్ని చూసినా అది ఎందుకట్లా ఉందని తెలుసుకునేదాకా మనసు ఊరుకోదు. కర్నూలు రాజధాని అయిందనీ, ఆఫీసులు డేరాల్లో పెట్టారనీ విన్నప్పుడు ఊరంతా ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటే, ఇతడొక్కడు, "గాలివానొస్తే ఆ కాయితాలన్నీ యాడ దాస్తారప్పా?" అని అడిగి చావడిలో అందర్నీ నవ్వించాడు. అట్లాంటివాడు ఏళ్ళ తరబడి ఎద్దుల పక్కన పడుకుంటూ, వాటి మెడ మీది కండ వేలితో నొక్కి చూస్తూ, ఈ బలం ఎక్కడినుంచి వస్తున్నదని ఆలోచించకుండా ఉంటాడా?

ఆ ఆలోచనకు తోడు చావడి ముందు ఒక గుండు ఉండేది. గుండ్రంగా, నున్నగా, పట్టు దొరకని నల్లరాయి. ఉగాది తిరునాళ్ళలో ఎద్దులు బండ లాగే పందెం అయ్యాక, మగవాళ్ళు ఆ గుండు ఎత్తే పందెం జరిగేది. చాలామందికి అది మోకాళ్ళ దాకా వచ్చేది. గట్టివాళ్ళు తొడల మీదికి దొర్లించుకునేవారు. భుజానికెత్తి వెనక్కి పడేసినవాడు మాత్రం ఈ తరంలో ఆ ఊళ్ళో లేడు. పక్క ఊరి బసవరాజు అనే రైతు ప్రతి ఏడూ వచ్చి, మీ గుండుకు ఇంకా మగవాడు దొరకలేదా అని ఎగతాళి చేసి పోయేవాడు.

ఆ ఎగతాళికి ఉక్రోషం పట్టలేక ఒకనాడు మహానందిరెడ్డి చావడిలో నలుగురి ముందు అన్నాడు. "రేయ్ సుంకా, వచ్చే ఉగాదికి ఆ గుండు నీ భుజం మీదికొచ్చిందంటే, నా కొట్టంలో పుల్లావు దూడతో సహా నీదే. నేను మాట తప్పను."

ఆ మాట విన్న రోజు సుంకప్ప ఇంటికి ఎట్లా నడిచి వెళ్ళాడో అతనికే తెలియదు. ఇంట్లో భార్య నాగక్క, ఏడాది దాటిన కూతురు పెద్దక్క ఉన్నారు. తల్లి దగ్గర పాలు చాలక పెద్దక్కకు గంజినీళ్ళే ఆధారమయ్యాయి. ఆ బిడ్డ చేతులు ఎండుపుల్లల్లా ఉండేవి. ఆవు ఇంటికి వస్తే బిడ్డ బతుకుతుంది. సుంకప్పకు గుండు మీద పుట్టిన పట్టుదలంతా అక్కడినుంచి వచ్చింది.

అతడు ఎద్దుల్ని చూసి సాధన నేర్చుకున్నాడు. పందెపుటెద్దుకు మొదటిరోజే పెద్ద బండ కట్టరు. చిన్నదానితో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతారు. గట్టిగా లాగిన మరునాడు పని చెప్పరు. వేన్నీళ్ళు పోసి ఒళ్ళంతా తోముతారు. సుంకప్ప కూడా గోనెసంచిలో ఇసుక పోసి ఎత్తడం మొదలుపెట్టాడు. అది తేలికనిపించాక ఇంకాస్త పోసేవాడు. ఆ తర్వాత బండి ఇరుసు ఎత్తేవాడు, ఆ తర్వాతే గుండు దగ్గరికి వెళ్ళేవాడు. విశ్రాంతి విషయంలోనే ఎద్దుకూ తనకూ పోలిక కుదరలేదు. గుండు ఎత్తిన మరునాడు కూడా అతనికి చెలక దున్నే పని ఉండనే ఉండేది.

అసలు తేడా తిండి దగ్గర ఉంది. ఒక ముద్ద సంగటితో గుండు మోకాళ్ళు దాటలేదు. ఒకనాడు కాగు అడుగున మిగిలిన ఉలవకట్టు పారబోయబోయి, చుట్టూ చూసి తాగేశాడు. ఆ రాత్రి కంటినిండా నిద్రపట్టింది. అప్పటినుంచి రోజూ ఆ అడుగు కట్టు అతని కడుపులోకే పోయింది. కొన్నాళ్ళకు గుండు తొడల మీదికొచ్చింది. అక్కడే ఆగి ఉంటే ఈ కథ చెప్పవలసిన పని ఉండేది కాదు.

కార్తీకంలో శ్రీశైలం పోయివస్తూ శేషన్న అనేవాడు తూముదిన్నెలో దిగాడు. సంతల్లో ఎద్దుల బేరాలు కుదర్చడం, పందెపుటెద్దులకు మందులివ్వడం అతని వృత్తి. రెడ్డిని కొట్టంలోకి పిలిచి, గుడ్డమూటలో ఉన్న తెల్లటి పొడి చూపించాడు.

"బెల్లపుండలో రవ్వంత పెట్టి మింగించల్ల రెడ్డీ. ఉగాదికి నీ ఎద్దుల ఒళ్ళు అద్దం మాదిరి మెరుస్తాది. బయట ఎవురికీ చెప్పగూడదు. పొరుగూరోళ్ళకు తెలిస్తే వాండ్లూ పెడతారు."

పక్కనే పేడ ఎత్తుతున్న సుంకప్ప చేతిలో పార ఆగింది. "ఏముండాది శేషన్నా దాంట్లో?"

"నల్లమల మూలిక. పేరు చెప్తే గుణం పోతాది."

"మూలికైతే పచ్చగానో పసుప్పచ్చగానో ఉండల్ల గదా. ఇదేంది, సున్నం మాదిరి తెల్లగుండాదే?"

శేషన్న రెడ్డి వైపు తిరిగి, "నీ జీతగాడు పోలీసు కొలువుకు పోవల్సినోడప్పా," అని నవ్వేశాడు. రెడ్డి కూడా నవ్వి, "నీకెందుకురా అదంతా, చెప్పినట్ల పెట్టు," అన్నాడు. తూముదిన్నెలో ఆ పొడి గురించి ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. దాన్ని నవ్వులో కలిపేశారు.

కొన్ని వారాలకు శేషన్న చెప్పినట్లే జరిగింది. ఎద్దుల ఒళ్ళు నిగనిగలాడింది. మేత మీద పడి తినసాగాయి. దారిన పోయేవాళ్ళు ఆగి మెచ్చుకుంటుంటే రెడ్డి చెయ్యి మీసం మీదినుంచి దిగేది కాదు. బెల్లపుండలు చేసేది సుంకప్పే. ఒకరోజు ఉండ చేస్తూ చేస్తూ అతడు ఆగిపోయాడు. ఉలవలు ఎద్దుకూ పనిచేశాయి, తనకూ పనిచేశాయి. ఎద్దుకు పట్టే బలం మనిషికి మాత్రం పట్టకుండా పోతుందా? ఎద్దు పెద్దది, తాను చిన్నవాడు, కనుక గిల్లినంత చాలు. ఇంత చక్కగా ఆలోచించినందుకు తనను తానే మెచ్చుకుని, ఆ ఉండ కొస గిల్లి నోట్లో వేసుకున్నాడు. పశువుల మధ్య పుట్టి పెరిగి, పశువును నమ్మినంతగా మనిషిని నమ్మనివాడు తప్ప అట్లాంటి పొరపాటు ఇంకెవరూ చేయరు.

ఆ గిల్లడం రోజూ అలవాటైంది. మొదట్లో అంతా బాగానే ఉంది. ఆకలి పెరిగింది. చర్మం నునుపు తేలింది. గుండు తొడల మీదినుంచి రొమ్ము దాకా వచ్చింది.

"ఏందయ్యా, మొగం అట్ల మెరుస్తాండాది? రెడ్డి ఇంట్ల నీకు నెయ్యి పూస్తాండారా?" అని నాగక్క ఆట పట్టించింది.

"గుండు నా మాట వింటాండాది నాగీ. పుల్లావుకు గూటం కొట్టి పెట్టుకో," అన్నాడు సుంకప్ప.

నాగక్క నిజంగానే గుడిసె పక్కన ఆవును కట్టే గూటం కొట్టింది. పెద్దక్క దాన్ని పట్టుకుని నిలబడడం నేర్చుకుంది.

ఫాల్గుణం వచ్చేసరికి ఇంకేవో మొదలయ్యాయి. గొంతు ఎండిపోయేది. కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చేది. పాదాల్లో చీమలు పాకినట్లుండి, ఆపైన మొద్దుబారేవి. బలం నరాల్లోకి దిగుతున్నదేమో అనుకున్నాడు. ఎద్దులు ఏమీ చెప్పడం లేదు కదా అని సరిపెట్టుకున్నాడు. వాటికి నోరు లేదన్న సంగతి ఆ వేళ అతనికి గుర్తురాలేదు.

ఒక పొద్దున నాగక్క అతని చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. "ఇదేంది, అరచేతుల నిండా జొన్నగింజల మాదిరి బొడిపెలు?"

"గుండు రాపిడి."

"గుండు రాపిడైతే అరికాళ్ళల్లో యాలుంటాయి? గుండు కాళ్ళతో ఎత్తుతాండావా?"

ప్రపంచంలో దేని గురించైనా ప్రశ్న వేసే సుంకప్ప, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు వెతకలేదు. వెతికితే పొడి మానాలి. మానితే గుండు దిగిపోతుంది, గుండుతోపాటు ఆవు కూడా పోతుంది. "నీకు తెలీదులే," అని చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఉగాది వచ్చింది. ఆంజనేయ గుడి ముందు మైదానంలో తిరునాళ్ళ జోరుగా సాగుతున్నది. బొరుగుల అంగళ్ళు, బోండాల పొయ్యిలు, తప్పెట్ల మోత. నందికొట్కూరు పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరు ఏసేపు కూడా వచ్చాడు. నాలుగూళ్ళ పశువులు ఒకచోట చేరితే జబ్బులు అంటుకుంటాయని ఆయన ప్రతి ఏడూ వచ్చి చూసిపోతుండేవాడు. పలచటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, పశువును ముట్టుకునే ముందు దాని ముఖం చూస్తాడు.

రెడ్డిగారి ఎద్దులు బండ లాగడానికి దిగినప్పుడు మైదానం హోరెత్తింది. కర్రెద్దు లాగుతున్నది. తెల్లెద్దు కూడా మొదట్లో లాగింది. సగం దూరం పోయాక దాని ముందుకాళ్ళు ఒక్కసారి వణికాయి. పట్టు దొరకనట్లు తడబడ్డాయి. మోకాళ్ళ మీద కూలి, నోట నురగతో పక్కకు ఒరిగిపోయింది. తప్పెట్లు ఆగిపోయాయి.

ఏసేపు పరుగెత్తుకొచ్చి కనురెప్ప ఎత్తి చూశాడు. కాళ్ళు తడిమాడు. "దీనికి ఏం పెట్టినారు?"

"ఉలవలు, చెక్క, గుడ్లు. ఎప్పుడూ పెట్టేవే," అన్నాడు రెడ్డి.

"మందేమైనా పెట్టినారా? నిజం చెప్పండి. తెలిస్తేనే నేను ఏదన్నా చేయగలిగేది."

రెడ్డి చూపు గుంపులో ఉన్న బసవరాజు మీద పడింది. మందు పెట్టి పందెం కట్టానన్న మాట అతని ముందు ఒప్పుకోవడం కంటే ఎద్దు పోవడమే నయమనిపించిందో ఏమో. "మందేం లేదు డాక్టరయ్యా. ఈ జీతగాడే నీళ్ళు సరిగా పెట్టిండడు," అని సుంకప్ప మీద విరుచుకుపడ్డాడు. ఏళ్ళ తరబడి ఆ ఎద్దు పక్కన పడుకున్నవాడు వంగి దాని నోటి నురగ తుడిచాడు.

అంతలో తిరునాళ్ళ పెద్దలు, చావడి ముందునుంచి దొర్లించి తెచ్చిన గుండు దగ్గర పందెం మొదలుపెట్టమన్నారు. ఒక ఎద్దు పడిపోయిందని తిరునాళ్ళ ఆగదు. ఒకరిద్దరు ఎత్తబోయి వదిలేశారు. తప్పెట మళ్ళీ మోగింది. సుంకప్ప పేరు పిలిచారు.

గుండుకు అటువైపు పుల్లావు, దూడ కట్టేసి ఉన్నాయి. పక్కనే నాగక్క చంకలో బిడ్డతో నిలబడి ఉంది. పెద్దక్క వంగి దూడ చెవి పట్టుకోబోతున్నది. సుంకప్ప వంగి చేతులకు మన్ను రాసుకుని గుండును కౌగిలించుకున్నాడు. మోకాళ్ళు దాటించాడు, తొడల మీదికి దొర్లించుకున్నాడు, ఊపిరి బిగబట్టి రొమ్ముకు చేర్చాడు. జనం అరుస్తున్నారు. ఇక భుజమొక్కటే మిగిలింది.

అప్పుడు కాళ్ళ కింద నేల తెలియలేదు. నిలబడ్డాడు కానీ, దేనిమీద నిలబడ్డాడో పాదాలు చెప్పడం లేదు. గుండు మీదుగా చూస్తే దూరంగా తెల్లెద్దు ముందుకాళ్ళు కనిపించాయి. అవి ఇంకా వణుకుతున్నాయి. ఆ కాళ్ళకు ఏమైందో డాక్టరుకు తెలియదు, రెడ్డి చెప్పడు. తనకు తెలుసు. చెబితే రెడ్డి పరువు పోతుంది. నీకెట్లా తెలుసంటే ఎద్దు నోటికాడిది తిన్న దొంగనని చెప్పుకోవాలి. జీతం పోతుంది, ఆవు పోతుంది. చెప్పకపోతే గుండు ఇంకొక్క ఊపులో భుజం మీదికొస్తుంది, ఆవు ఇంటికొస్తుంది. కానీ ఈ కాళ్ళు ఎన్నాళ్ళు నిలబడతాయి? ఆవు పాలు తాగే బిడ్డకు తండ్రి ఉంటాడా?

సుంకప్ప గుండును రొమ్ము మీదినుంచి జార్చి నేల మీద వదిలేశాడు. జనం ఉస్సురన్నారు. బసవరాజు పెద్దగా నవ్వాడు. సుంకప్ప ఎవరినీ చూడకుండా ఏసేపు దగ్గరికి నడిచాడు.

"డాక్టరయ్యా, తెల్లెద్దు తిన్న మందు నాకు తెల్సు. నేను గూడ అదే తింటి."

సుంకప్ప మొలలో దోపుకున్న చిన్న పొట్లం తీశాడు. గుండు ఎత్తే ముందు వేసుకుందామని దాచుకుని, ఎద్దు పడిపోయిన గాభరాలో మరిచిపోయినది. "బెల్లంలో కలిపి పెడతాంటిమి. రోజూ రొంత గిల్లుకుంటాంటి."

"దొంగనాయాలా! నా ఎద్దుల మందు తింటాంటివా?" రెడ్డి చెయ్యెత్తాడు. మందు లేదని అంతకుముందే తాను అన్న మాట ఆయనకు అప్పుడు గుర్తురాలేదు. చుట్టూ ఉన్న వందల చెవులకు గుర్తుంది.

ఏసేపు ఆ చెయ్యిని మెల్లగా కిందికి దించి, సుంకప్ప అరచేతులు తిప్పి చూశాడు. కూర్చోబెట్టి అరికాళ్ళు చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. పొట్లం తీసుకుని బోండాల పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఎర్రగా కాలుతున్న బొగ్గు ఒకటి పట్టుకారుతో బయటికి తీయించాడు. "గాలి పోయే దిక్కున ఉండొద్దు, ఎనక్కి జరగండి," అని అందర్నీ దూరం పంపి, బొగ్గు మీద రవ్వంత పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచింది.

"ఏం వాసనొస్తాండాది?"

దూరంగా ఉన్నా అందరికీ తెలిసింది. ఎవరో అన్నారు, "ఎల్లుల్లి కాల్చినట్లుండాది."

"ఇది మూలిక కాదు, పాషాణం. మీ గాదెల్లో ఎలకలకు పెట్టేది ఇదే." ఏసేపు గొంతు పెంచలేదు. అయినా అందరూ విన్నారు. "సంతలో పశువును అమ్ముకునేవాళ్ళు, చర్మం మెరవాలని దీన్ని పెడతారు. కొన్నాళ్ళు మెరుస్తాది. బలమొచ్చిందని మీరనుకుంటారు. లోపల నరాలు చస్తుంటాయి. ఈ ఎద్దు కాళ్ళు అందుకే పడిపోయినాయి. సుంకప్పా, ఇంకొన్నాళ్ళు తింటే నీవి గూడ పడిపోయేవి. ఇయాల నువ్వు నోరు తెరవకపోయింటే నీకేం జబ్బో కర్నూలు డాక్టర్లకు గూడ అంతుపట్టేది కాదు."

శేషన్న కోసం వెతికారు. పొద్దుననే బోండాలు తిని ఎద్దుల్ని పొగిడిన మనిషి అప్పటికే తిరునాళ్ళలో లేడు.

మహానందిరెడ్డి తెల్లెద్దు పక్కన కూలబడిపోయాడు. కోపమంతా కారిపోయింది. "ఎలకల మందు తినేంత కరువేమొచ్చెరా నీకు? ఆకలైతే నన్నడగగూడదా?"

సుంకప్ప ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడడం అదే మొదటిసారి. "ఏమని అడగల్ల రెడ్డీ? మారు అడిగితే జీతముంటాదా? ఎద్దుకు నోరు లేదని దాని ఆకలి మీరే కనుక్కుంటాండిరి. నాకు నోరుండాదని నన్నెవురూ అడగలేదు. నోరుండి గూడ నేనడగలేకపోతి."

గుంపు చివర నిలబడి ఉన్న వెంకటలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ ముద్ద పెట్టి వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయిన తన నడక ఆమెకు కళ్ళ ముందు కనిపించింది.

ఏసేపు అక్కడున్న రైతులందరి వైపూ తిరిగాడు. "ఎద్దుకు ఏం పెట్టల్లనో ఈ మైదానంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఉడికించిన ఉలవలు పెట్టల్ల, బరువు కొంచెం కొంచెంగా పెంచల్ల, లాగిన మరునాడు పడుకోనియ్యల్ల. మనిషికి గూడ అంతేనప్పా. కష్టం, కడుపునిండా కూడు, కంటినిండా నిద్ర. బలమనేది ఈ మూడింట్లోనే ఉండాది. ఇవి లేనిచోట పొడి అమ్మేవాడొస్తాడు. వాణ్ణి తరిమితే చాలదు, వాడొచ్చే సందు మూయల్ల."

తెల్లెద్దు ఆ సాయంత్రమే చనిపోయింది. ఏం తిన్నదో తెలిసినందువల్ల కర్రెద్దుకు వైద్యం అందింది, అది బతికింది. సుంకప్పను బస్సులో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా అతడు ఏడ్చాడు. ఆవు పోయినందుకనుకుని నాగక్క ఓదార్చబోయింది. "ఆవు గాదు నాగీ. ఆ ఉండలు నా చేత్తోనే దాని నోట్లో పెడితి," అన్నాడు.

ఆసుపత్రిలో చాలాకాలం ఉండవలసి వచ్చింది. అరచేతుల చర్మం పొరలు పొరలుగా ఊడింది. పాదాల్లో స్పర్శ మెల్లగా తిరిగివచ్చింది. జీతం పోయిందనే అనుకుని ఊరికొచ్చాడు. అయితే రెడ్డే మనిషిని పంపించి పిలిపించాడు. మనం ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. రెడ్డి ఒక్కరాత్రిలో మారిపోలేదు. నలుగురిలో పోయిన పరువు నిలుపుకోవడానికే మొదట పిలిపించాడు. కానీ మంచిపని ఎందుకు మొదలుపెట్టినా, చేయగా చేయగా అలవాటవుతుంది.

ఆ మొదటి సాయంత్రం సుంకప్ప పెరటి గడప దగ్గర కూర్చున్నాడు. వెంకటలక్ష్మమ్మ ముద్ద పెట్టింది. పక్కన ఊరిమిండి వేసింది, గిన్నె నిండా ఉలవచారు పోసింది. లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడింది.

"మారు పెట్టేదా సుంకన్నా?"

"చాలమ్మా," అన్నాడు సుంకప్ప. ఏళ్ళనాటి అలవాటు అతని చేత అట్లా అనిపించింది.

"చాలదు. నాకు తెలుసు," అని ఆమె ఇంకో ముద్ద వేసింది. అతడు తల వంచుకుని తిన్నాడు. పోయేటప్పుడు బిడ్డకని చెంబెడు పాలు చేతిలో పెట్టింది. పెద్దక్క ఆ పాలకు అలవాటుపడి, చెంబు కనిపిస్తే చాలు గూటం వదిలిపెట్టి నడిచి వచ్చేది.

సుంకప్ప మళ్ళీ ఇసుక సంచి దగ్గరినుంచి మొదలుపెట్టాడు. ఈసారి గుండు ఎత్తిన మరునాడు చెలక పనికి ఇంకొకరు పోయేవారు. బలం త్వరగా రాలేదు. మరుసటి ఉగాది దాకా గుండు తొడల మీదనే ఉండిపోయింది, ఆ పైయేడు రొమ్ము దాకా వచ్చింది. ఎంత వేగంగా వస్తుందని కాకుండా, ఎట్లా వస్తుందో గమనించడంలో ఒక సంతోషముందని అతనికి అప్పుడు తెలిసింది.

మూడో ఉగాదికి మైదానంలో నాలుగూళ్ళ జనం చూస్తుండగా సుంకప్ప గుండును కౌగిలించుకున్నాడు. తన పాదాల కింద నేలను ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. నేల తెలిసింది. గుండు తొడకొచ్చింది, రొమ్ముకొచ్చింది, ఒక్క ఊపులో భుజమెక్కి వెనక్కి దభీమని పడింది. తప్పెట్లు హోరెత్తాయి. గడువు దాటినా రెడ్డి తన పాత మాట నిలబెట్టుకున్నాడు; నాగక్క పుల్లావు పలుపు విప్పుకుంది.

బసవరాజు గుంపును తోసుకుంటూ వచ్చాడు. ఎగతాళి చేయడానికి రాలేదు, నిజంగా తెలుసుకోవాలని వచ్చాడు. సుంకప్ప భుజం మీది కండను వేలితో నొక్కి చూసి, రెడ్డి చెవి దగ్గర వంగి అడిగాడు. "ఏం మందు పెడతాండావు రెడ్డీ వీనికి? నాకు గూడ చెప్పప్పా, మా ఊళ్ళో పెట్టుకుంటాం."

మహానందిరెడ్డి నేల వైపు చూశాడు. తెల్లెద్దు పడిపోయిన చోటు అక్కడికి దగ్గరే. తలెత్తి, అందరికీ వినిపించేటట్లే చెప్పాడు.

"మందేం లేదప్పా. ముందు ఒక ముద్ద పెట్టి లేపుతాంటిమి. ఇప్పుడు మారు పెడతాండాం."